కట్టిన బడిని నడిపే ఖర్చు

(ప్రధానోపాధ్యాయులు, పాఠశాల కమిటీ సభ్యులు, డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాళ్ళ శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత ఇంజనీర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నాకు ముందు మాట్లాడిన వాళ్ళు కొత్త భవనాల గురించి చెప్పారు. నేను పాత భవనాల మనిషిని. ఇవాళ కట్టింది కూడా ఐదేళ్ళలో పాతదే అవుతుంది కాబట్టి, నా మాట అందరికీ పనికొస్తుందనే ధైర్యంతో వచ్చాను.

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. మీలో చాలామంది బడుల్లో పిల్లలు వంద నుంచి రెండొందల యాభై మధ్య ఉంటారు. కేంద్ర పథకం సమగ్ర శిక్ష నుంచి బడి ఖర్చులకి వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఆ శ్లాబుకి ఏడాదికి 50,000 రూపాయలు. ముప్పై మంది లోపు ఉంటే 10,000. వంద లోపు 25,000. రెండొందల యాభై దాటితే 75,000, వెయ్యి దాటితే లక్ష. ఇందులో కనీసం పది శాతం పరిశుభ్రత పనులకే పెట్టాలి. ఇప్పుడు 120 మంది ఉన్న బడి తీసుకోండి. బడి నడిచేది ఏడాదికి 220 రోజులు అనుకుంటే రోజుకు 227 రూపాయలు. ఆ 227లోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుళ్ళు, ఫినాయిల్, కాలిన బల్బు, కారుతున్న కుళాయి. నెట్ బిల్లు కూడా దీంట్లోంచే కట్టేవాళ్ళు ఈ హాల్లో ఉన్నారని నాకు తెలుసు.

ఇంకో పక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలైన బడుల బాగుచేత పథకం నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడులు బాగుచేశారు. ఖర్చు 3,600 కోట్ల పైచిలుకు. అంటే సగటున బడికి 23 లక్షలు. తెలంగాణలో 2022 మార్చిలో వనపర్తిలో మొదలుపెట్టిన మన ఊరు–మన బడికి 26,065 బడులకు కలిపి 7,289 కోట్లు అనుకున్నారు. అది సగటున బడికి 28 లక్షల దాకా వస్తుంది. మా ఇంజనీర్లలో ఒక వాడుక లెక్క ఉంది. కట్టడం విలువలో ఏటా ఒకటి రెండు శాతం మరమ్మతులకి పక్కన పెట్టాలి. 23 లక్షల పని మీద రెండు శాతం అంటే 46,000. మీకొచ్చే మొత్తం గ్రాంటు 50,000. మిగిలిన నాలుగు వేలతో సంవత్సరం గడపాలి!

నేను ఎవరినీ తప్పుపట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. కట్టేటప్పుడు డబ్బు ఒక ఖాతా నుంచి, నడిపేటప్పుడు ఇంకో ఖాతా నుంచి వస్తుంది. మొదటిదానికి శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, గ్రానైట్ ఫలకం ఉంటుంది. రెండోదానికి హెచ్‌ఎం గారి సంతకం తప్ప ఏమీ ఉండదు. అందుకని ఏ వస్తువు కొన్నా, ఏ గోడ లేపినా, దీన్ని రేపు ఎవరు కడుగుతారు, పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఆ డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది అన్న ప్రశ్న ఎస్టిమేట్ వేసే రోజునే అడగాలి. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మరుగుదొడ్డి దగ్గర మొదలుపెడతాను. నవ్వకండి, బడి మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన డిజైన్ అదే.

2014 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని, ఏడాదిలోగా ప్రతి బడిలో ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్డి ఉండాలన్నారు. దేశం మొత్తం మీద నాలుగు లక్షలకు పైగా కట్టారు. ఆ తరవాత ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వాళ్ళు, ప్రభుత్వ రంగ సంస్థలు కట్టినవాటిలో కొన్నిటిని 15 రాష్ట్రాల్లో స్వయంగా వెళ్ళి చూశారు. పదింట ఏడింటికి లోపల నీటి సదుపాయం లేదు. రోజుకొకసారైనా కడగాలన్న నియమం చాలాచోట్ల అమల్లో లేదు. అంటే గోడలు లేచాయి, తలుపులు వచ్చాయి, నీళ్ళు రాలేదు. ఎందుకు రాలేదంటే, ఎస్టిమేట్‌లో మరుగుదొడ్డి ఒక ఐటం, మోటారు ఇంకో ఐటం, కడిగే మనిషి అసలు ఐటమే కాదు.

నీళ్ళ లెక్క చూద్దాం. మన ప్రమాణాల ప్రకారం డే స్కూల్లో మనిషికి రోజుకు 45 లీటర్లు. 300 మంది ఉంటే 13,500 లీటర్లు. మీ మేడ మీద ఉన్నది వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి, మహా అయితే రెండు. 13,500 లీటర్లు పైన నిలవ ఉండాలని కాదు. మోటారు రోజుకు ఎన్నిసార్లు వేయగలం, కరెంటు ఏ వేళల్లో ఉంటుంది, స్విచ్ ఎవరి చేతిలో ఉంటుంది, ఇవి చూసుకోవాలి. ఉదయం ప్రేయర్‌కి ముందు ఒకసారి నింపి వదిలేస్తే మొదటి ఇంటర్వెల్‌కే ట్యాంకు ఖాళీ. పన్నెండు గంటలకి ఆడపిల్ల లోపలికి వెళితే కుళాయి గాలి ఊదుతుంది. ఆ తరవాత పిల్లలు మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగడం మానేస్తారు. ఇంటికెళ్ళేదాకా బిగబట్టుకుంటారు. ఇది మీలో టీచరమ్మలకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇంక నీళ్ళు తక్కువ వాడే దొడ్డి ఎలా ఉండాలి? మామూలు ఫ్లష్ ట్యాంకు ఒక్కసారి లాగితే పది లీటర్ల దాకా పోతుంది. పల్లెల కోసం చేసిన రూరల్ పాన్ అనే దొడ్డి బేసిన్ ఒకటుంది. దాని వాలు ఎక్కువ, కింద ట్రాప్‌లో, అంటే వాసన రాకుండా నీళ్ళు నిలిచే వంపులో, నీటి మట్టం 20 మిల్లీమీటర్లే. దానికి లీటరున్నర, రెండు లీటర్లు పోస్తే చాలు. ధర కూడా తక్కువే. అయినా చాలా బడుల్లో మామూలు పాన్ పెట్టి, పైన ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకు తగిలిస్తారు. ఆరు నెలల్లో దాని గొలుసు తెగుతుంది, ఏడాదిలో మూత పోతుంది. మీ ఊళ్ళో విడిభాగం దొరకని వస్తువు బడిలో పెట్టకండి. పట్నం నుంచి ప్లంబరు రావాల్సిన వస్తువు పల్లె బడిలో ఉంటే అది పాడైన రోజే పోయినట్టు.

గచ్చు వాలు చూడండి. నాలుగడుగులకు అంగుళం పైన వాలు ఉండాలి. మేస్త్రి కంటితో చూసి సరిపోయింది అంటాడు. మీరు ఒక చెంబు నీళ్ళు గది మూలన పోసి చూడండి. నీళ్ళు ట్రాప్ దాకా పారితే బిల్లు మీద సంతకం పెట్టండి, మధ్యలో నిలిస్తే పగలగొట్టించండి. అప్పుడైతే సిమెంటు పచ్చిగా ఉంటుంది, మేస్త్రి కూడా ఊళ్ళోనే ఉంటాడు. నీళ్ళు నిలిచే గచ్చు మీద పిల్లలు కాలు పెట్టరు. వాసన ఎక్కువగా అక్కడి నుంచే పుడుతుంది. మెరిసే తెల్ల టైల్స్ నేల మీద వేయొద్దు, జారతాయి. గోడకి వేసుకోండి. నేలకి గరుకుగా ఉండేవి వేయాలి, లేదా మన కడప బండలో తాండూరు బండలో పరిచినా నిక్షేపంగా ఉంటుంది.

తలుపు అడుగున మూడంగుళాల ఖాళీ వదలండి. చెక్క తలుపు నీళ్ళు తగిలి కింద నుంచి కుళ్ళిపోవడం మీరంతా చూసే ఉంటారు. గడియ రెండో తరగతి పిల్లకి అందే ఎత్తులో, తుప్పు పట్టనిది పెట్టాలి. గడియ లేని దొడ్డికి ఆడపిల్లలు జంటగా వెళతారు. ఒకరు లోపల, ఒకరు బయట తలుపు పట్టుకుని. అప్పుడు మీ దగ్గర నాలుగు దొడ్లున్నా వాడకంలో రెండున్నట్టే.

ఎక్కడ కట్టాలి అన్నది ఇంకా ముఖ్యం. బడి వెనకాల, ప్రహరీ మూల, ముళ్ళకంప పక్కన కట్టేస్తారు. వాసన రాకూడదని. అక్కడికి ఒంటరిగా వెళ్ళడానికి పెద్దవాళ్ళకే భయం. స్టాఫ్ రూము కిటికీలోంచి దారి కనబడాలి, ప్రవేశానికి అడ్డంగా ఒక చాటుగోడ ఉండాలి. నీళ్ళుండి, వాలు బాగుండి, పైన వెంటిలేటరు ఉంటే వాసన రాదు. వాసన వస్తుందని దూరంగా కడితే, దూరంగా ఉందని ఎవరూ కడగరు, కడగలేదు కాబట్టి నిజంగానే వాసన వస్తుంది.

గుంతల సంగతి ఒక్క మాట. జంట గుంతల పద్ధతి బడికి బాగా పనికొస్తుంది. ఒకటి నిండాక రెండోదానికి మళ్ళిస్తారు, రెండేళ్ళు మూసి ఉంచితే మొదటిది ఎరువైపోతుంది. ట్యాంకరు పిలిచి డబ్బివ్వక్కర్లేదు. కాని బోరుకి కనీసం పది పదిహేను మీటర్ల దూరం ఉండాలి, నేల రాతినేల కాకూడదు, నీటిమట్టం మరీ పైకి ఉండకూడదు. కోనసీమలో చెల్లనిది అనంతపురంలో చెల్లుతుంది. మొత్తం రాష్ట్రానికి ఒకే డ్రాయింగు పంపితే వచ్చే చిక్కు ఇది.

ఇప్పుడు ఎన్ని దొడ్లు కావాలి అన్న ప్రశ్న. నలభై మందికి ఒక యూనిట్ అంటారు. 160 మంది ఆడపిల్లలకు నాలుగు. పదిహేను నిమిషాల ఇంటర్వెల్‌లో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పడితే ఒక దొడ్డిలో ఏడుగురు వెళ్ళొస్తారు. నాలుగింటికీ కలిపి 28 మంది. మిగిలినవాళ్ళు? ఇక్కడ కొత్త దొడ్లు కట్టమని నేను చెప్పను. ఇంటర్వెల్‌ని విడగొట్టండి. చిన్న తరగతులకి ఒక గంటకి, పెద్ద తరగతులకి ఇంకో గంటకి. మధ్యాహ్నం భోజనం కూడా అంతే. చేతులు కడిగే కుళాయిల దగ్గర తొక్కిసలాట సగం తగ్గుతుంది. దీనికి తెల్లకాగితం మీద టైం టేబుల్ మార్చడం తప్ప ఖర్చేమీ లేదు. పీఈటీ సారు కాస్త గొణుగుతారు, అంతే. (నవ్వులు)

కడిగే మనిషి గురించి చెప్పి ఈ విషయం ముగిస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఒక పద్ధతి పెట్టారు. అమ్మ ఒడి 15,000లో వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణ నిధికి తీసి, ఆయాలకు నెలకు 6,000 గౌరవవేతనం ఇచ్చారు. తరవాతి ఏడాది బడి నిర్వహణకని ఇంకో వెయ్యి తీశారు. తల్లికి ఇస్తామన్న డబ్బులోంచి కోయడమేమిటని విమర్శ వచ్చింది. ఆ విమర్శలో న్యాయం ఉంది. ఆరు వేలు జీతమేనా అన్నదీ న్యాయమైన ప్రశ్నే. అయినా ఒక ఇంజనీరుగా నేను చూసింది ఏమిటంటే, దొడ్డికి మొదటిసారి ఒక మనిషి, ఒక పద్దు వచ్చాయి. నిధి ఎక్కడి నుంచి తేవాలన్నది ప్రభుత్వాలు తేల్చుకోవాలి. నిధి లేకుండా నడుస్తుందనుకోవడం మాత్రం భ్రమ.

దాతల దగ్గరికి వెళ్ళేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. పూర్వ విద్యార్థులు వస్తే ఆర్చీ కట్టిస్తామంటారు, స్టేజీ కట్టిస్తామంటారు, సరస్వతీదేవి విగ్రహం పెడతామంటారు. వద్దనకండి. కాని ఒక మాట వేయండి. నెలకు ఆరు వేలు, ఏడాదికి 72,000 రూపాయలు, ఈ ఏడాది పరిశుభ్రత ఖర్చు మీ నాన్నగారి పేరు మీద అని ఆఫీసు ముందు బోర్డు రాయిస్తాం అని. దొడ్డి మీద పేరంటే ఎవరూ ఒప్పుకోరు, ఆఫీసు ముందు బోర్డు మీదంటే ఒప్పుకుంటారు. అమెరికాలో ఉన్నవాళ్ళకి నెల నెలా పంపడం కూడా తేలికే.

ఇప్పుడు పైకప్పు.

వాన కురిస్తే స్లాబు కారుతుంది. వెంటనే ఎవరో ఒకరు వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ పేరు చెబుతారు. డబ్బా కొనే ముందు నిచ్చెన వేసుకుని పైకెక్కండి. నా అనుభవంలో ముందు కనబడేది మూసుకుపోయిన తూము. వేపాకులు, పగిలిన కుర్చీ కాళ్ళు, పిల్లలు విసిరిన బంతి, చెప్పు. నీళ్ళు బయటికి పోయే దారి లేక స్లాబు మీద చెరువు కడుతుంది. రెండోది పిట్టగోడ పగులులో మొలిచిన రావి మొక్క. కాకి వేసిన గింజ. దాన్ని కత్తితో కోస్తే కోపం వచ్చినట్టు ఇంకా గట్టిగా పెరుగుతుంది. ఎండాకాలంలో వేరుతో సహా పెకలించి, ఆ సందులో సిమెంటు కూరాలి. ఈ రెండూ చేస్తే చాలా బడుల్లో కారడం ఆగిపోతుంది. ఖర్చు ఒక మనిషి ఒక రోజు కూలి, అర బస్తా సిమెంటు.

ఆగకపోతే అప్పుడు పగుళ్ళు వెతకాలి. స్లాబు కింద పెచ్చులూడుతుంటే లోపల ఇనుముకి తుప్పు పట్టిందని అర్థం. తుప్పు పట్టిన కమ్మీ ఉబ్బి కాంక్రీటుని నెడుతుంది. చాలామంది చేసేదేమిటంటే దాని మీద ప్లాస్టరింగ్ చేసి సున్నం కొట్టేస్తారు. ఇన్‌స్పెక్షన్‌కి బాగుంటుంది, రెండేళ్ళకి ఆ ప్లాస్టరింగ్ కూడా కలిపి పిల్లల నెత్తిన పడుతుంది. ఊడేదంతా కొట్టేసి, కమ్మీని వైరుబ్రష్‌తో తోమి, తుప్పు ఆపే పూత వేసి, ఆ తరవాత పూడ్చాలి. కమ్మీ సగానికి సగం సన్నబడి ఉంటే ఆ గదికి తాళం వేసి ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకి, కాగితం పెట్టండి. వరండాలోనో చెట్టు కిందో కూర్చోబెట్టి చెప్పినా ఫరవాలేదు, ఆ గదిలో వద్దు. కాగితం పెట్టిన తేదీ, ఇన్‌వార్డ్ నంబరు మీ దగ్గర ఉంచుకోండి.

పైకెక్కారు కాబట్టి ఇంకో పని కూడా చేయండి. మార్చిలో స్లాబు మీద రెండు కోట్లు తెల్ల సున్నం కొట్టించండి. సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపితే పట్టుకుంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం అని ఒకటి తెచ్చింది, దాని సారం ఇదే. తెల్లటి కప్పు ఎండని వెనక్కి కొడుతుంది. పై అంతస్తు గదిలో కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. ఒంటిపూట బడుల్లో పదకొండు గంటలకి ఆ తేడా పిల్లల మొహాల్లో తెలుస్తుంది.

ఫ్యాన్ల విషయానికొస్తే, పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాను 28, 30 వాట్లు. ఇరవై ఫ్యాన్లు రోజుకు ఆరు గంటలు, 220 రోజులు తిరిగితే పాతవాటికి 1,980 యూనిట్లు, కొత్తవాటికి 740. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే ఏడాదికి ఎనిమిది వేల పైన మిగులు. అలాగని తిరుగుతున్న ఫ్యాన్లు పీకి పారేయకండి. కాలిపోయినప్పుడు మాత్రం రీవైండింగ్‌కి పంపకుండా కొత్త రకం కొనండి. ట్యూబ్‌లైట్లకీ అదే పద్ధతి.

గదుల సంగతికి వస్తాను. ఇక్కడ కాలేజీ వాళ్ళు కూడా కొంచెం చెవి పెట్టండి.

విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఏముంది? టీచరుకొక గది, హెచ్‌ఎంకి ఆఫీసూ స్టోరూ కలిపి ఒక గది, మగపిల్లలకూ ఆడపిల్లలకూ విడివిడిగా మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె, అడ్డంకులు లేని దారి. అంటే ర్యాంపు. ర్యాంపు చాలా బడుల్లో చూశాను, మోటారు సైకిల్ ఎక్కించడానికి తప్ప వీల్‌చైర్‌కి పనికిరాని వాలు. పన్నెండడుగుల పొడవుకి ఒక అడుగు ఎత్తు మించకూడదు. అది గుర్తుంటే చాలు.

గదులు ఎన్ని కావాలన్నది పిల్లల లెక్క మీద ఆధారపడుతుంది, పిల్లల లెక్క విధానాల మీద. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 వచ్చింది. కిలోమీటరు లోపు ఉన్న ప్రాథమిక పాఠశాలల నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్ళకి పంపారు. ప్రాథమిక బడిలో అప్పుడే రంగులేసిన గదులు ఖాళీ, హైస్కూల్లో గదులు చాలవు. 2025లో ఆ జీవో రద్దయింది, పిల్లలు మళ్ళీ కదిలారు. విధానం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఉపాధ్యాయ సంఘాలకి వదిలేస్తాను. గోడలు మాత్రం జీవోతో పాటు నడవవు. అందుకని కొత్త గది కడితే ఏ తరగతికైనా, అవసరమైతే అంగన్‌వాడీకైనా పనికొచ్చేలా కట్టండి. నేలకి అతికించిన బెంచీలు, గోడలోకి కట్టేసిన అరలు వద్దు.

డబ్బు విడతలుగా వచ్చినప్పుడు ఒక సూత్రం పాటించండి. మూడు గదులు మంజూరైతే మూడింటికీ పునాది తీసి పిల్లర్లు లేపకండి. ఒక గది తలుపు, కిటికీ, గచ్చు, వైరింగ్ దాకా ముగించి తాళంచెవి తీసుకున్నాకే రెండోది. కాంట్రాక్టరు ఒప్పుకోడు. ఎందుకంటే ఇనుము, కాంక్రీటు పనిలో బిల్లు పెద్దది, పని తొందరగా కనబడుతుంది. తలుపులు, గచ్చు, వైరింగ్‌లో చాకిరీ ఎక్కువ, బిల్లు తక్కువ. నాడు-నేడు రెండో విడతలోనూ, మన ఊరు–మన బడిలోనూ బిల్లులు ఆగినచోట్ల పిల్లర్ల మీద కమ్మీలు ఆకాశం చూస్తూ ఉండిపోయాయి. ఒకటి పూర్తయి రెండు మొదలుకాని బడి కన్నా, మూడూ సగంలో ఉన్న బడి చాలా హీనం. అక్కడ పిల్లలు ఆడుకునే చోటు కూడా పోతుంది. ఇప్పుడు తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో ఉన్న మహిళా సంఘాల అక్కచెల్లెళ్ళు ఈ విషయంలో గట్టిగా నిలబడొచ్చు. చేతిలో ఉన్న డబ్బుకి తగ్గ పనే మొదలుపెట్టడం సంఘం నడిపేవాళ్ళకి నేను నేర్పేది కాదు.

తక్కువ ఖర్చు కట్టడమంటే అందరూ కేరళలో పనిచేసిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ పేరు చెబుతారు. తిరువనంతపురంలో ఆయన కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ వీలుంటే వెళ్ళి చూడండి. ఇటుకని నిలువుగా పెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ కట్టడంలో ఇటుకలు పాతిక శాతం మిగులుతాయి, గది చల్లగా ఉంటుంది. స్లాబులో కాంక్రీటుకి పని లేని కింది భాగంలో పాత మంగళూరు పెంకులు పెట్టి కాంక్రీటు ఆదా చేయడం ఇంకొకటి. బాగుంటాయి. కాని మీ ఊరి మేస్త్రికి ఆ పని చేతికి రాకపోతే మొదటి ప్రయోగం పిల్లల గది మీద చేయించకండి. ప్రహరీ గోడ మీద చేయించి చూడండి. బేకర్ దగ్గర మనం తప్పకుండా తీసుకోవాల్సింది వేరే ఉంది: ఉన్న చెట్టుని కొట్టకుండా గోడని మళ్ళించడం. మా శాఖలో సైట్ క్లియరెన్స్ అంటే ముందు పడేది వేపచెట్టే.

ఖర్చు లేని ఇంకో మంచి ఆలోచన, భవనాన్నే పాఠం చేయడం. కబీర్ వాజ్‌పేయి అనే ఆర్కిటెక్ట్ బాలా (బిల్డింగ్ యాజ్ లెర్నింగ్ ఎయిడ్) అన్న పేరుతో దీన్ని దేశమంతా తీసుకెళ్ళారు. తలుపు తెరుచుకునే చోట నేల మీద 30, 60, 90 డిగ్రీల గీతలు గీస్తే కోణమాపకం అవుతుంది. స్తంభం మీద అడుగులు, సెంటీమీటర్లు గీస్తే పిల్లలు ఎత్తు చూసుకుంటారు. ఎలాగూ రంగులు వేస్తున్నారు కదా, గోడ నిండా కార్టూన్లు వేయించే డబ్బుతోనే ఇది అయిపోతుంది.

కాలేజీ ప్రిన్సిపాల్ గార్లు గదులు చాలడం లేదంటారు. ఒక పని చేయండి. 24 గదులు, రోజుకు ఆరు పీరియడ్లు, ఆరు రోజులు. మొత్తం 864 పీరియడ్లకి చోటుంది. మీ టైం టేబుల్లో ఎన్నిటికి గది వాడుతున్నారో లెక్కపెట్టండి. సగం వచ్చిందనుకోండి. ఆ సగంలో కూడా అరవై సీట్ల గదిలో ముప్పై మంది కూర్చుంటే, అసలు వాడకం పాతిక శాతం. మరి కొరత ఎందుకు అనిపిస్తుంది? పదిన్నరకీ పదకొండున్నరకీ అన్ని గ్రూపులకీ లాంగ్వేజ్ క్లాసులు ఒకేసారి పెడతాం కాబట్టి. మధ్యాహ్నం మూడింటికి కాలేజీ అంతా ఖాళీ. తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు దోస్త్‌లో సీట్లు మిగిలిపోతున్న కాలేజీలో కొత్త బ్లాకు కోసం ప్రతిపాదన పంపడం నాకు అర్థం కాని విషయం. పదేళ్ళ తరవాత ఎంతమంది చేరతారో చూసుకోవాలి. దానికి మీ చుట్టుపక్కల ప్రాథమిక బడుల్లో ఇప్పుడు రెండు, మూడు తరగతులు చదివే పిల్లల సంఖ్య చూడాలి.

హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు కనెక్షన్ ఉన్న కాలేజీలు బిల్లులో ఇంకో లైను చూడండి. కాంట్రాక్ట్ డిమాండ్, అంటే ఇంత లోడు వాడతామని ముందుగా రాయించిన లెక్క. మీరు వాడినా వాడకపోయినా అందులో 80 శాతానికి డిమాండ్ చార్జీ పడుతుంది. ఎప్పుడో కంప్యూటర్ ల్యాబ్‌లో పాత మానిటర్లు, ఏసీలు ఉన్నప్పుడు రాయించిన లోడు ఇంకా అలాగే ఉంటుంది. ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని, రికార్డయిన గరిష్ఠ డిమాండ్ ఎంతో చూసి, తగ్గించమని డిస్కంకి, అంటే కరెంటు పంపిణీ సంస్థకి, దరఖాస్తు పెట్టండి. ఇది ఎవరూ చూడరు.

భద్రత గురించి ఒక్క సంఘటన చెబుతాను. 2004 జూలై 16, తమిళనాడులో కుంభకోణం. బడిలో వంటగది తాటాకుల కప్పుకి నిప్పంటుకుంది. అక్కడి నుంచి పై అంతస్తు తరగతి గదుల తాటాకుల కప్పుకి. 94 మంది పిల్లలు పోయారు. దిగడానికి సరైన దారి లేదు. ఆ తరవాత కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళి, 2009లో అన్ని బడులకూ భద్రతా ప్రమాణాలు ఉండాలని తీర్పు వచ్చింది. మీ బడిలో వంటగది తరగతి గదికి ఎంత దూరంలో ఉంది? గ్యాస్ సిలిండర్ ఎక్కడ పెడుతున్నారు? పై అంతస్తు మెట్ల దగ్గర షట్టర్ గేటుకి బడి వేళల్లో తాళం వేస్తున్నారా? చాలాచోట్ల వేస్తారు, పిల్లలు పారిపోకుండా. రేపు వెళ్ళగానే ఆ తాళం తీయించండి. దీనికి గ్రాంటు అక్కర్లేదు, తీర్మానం అక్కర్లేదు.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. రెండు ప్రశ్నలకి చోటుంది.

(ఒక కమిటీ సభ్యురాలు: సార్, మా బళ్ళో రెండు దొడ్లు బాగున్నాయి, వాటికి టీచర్లు తాళం వేసుకుంటారు. పిల్లలకి పాతవి. మేము అడిగితే, పిల్లలు పాడుచేస్తారంటారు. ఏం చేయాలి?)

అమ్మా, మంచి ప్రశ్న అడిగారు, ఇక్కడ చాలామంది తలలు దించుకున్నారు. (నవ్వులు) టీచరమ్మలకు కూడా శుభ్రమైన చోటు కావాలి, అది తప్పు కాదు. ఒకటి స్టాఫ్‌కి ఉంచి ఒకటి తెరిపించండి. తాళం తీసిన మొదటి నెల పాడవుతుంది, నిజమే. మగ్గు పోతుంది, కుళాయి ఊడుతుంది. మగ్గుకి గొలుసు కట్టండి, ఒక కుళాయి స్పేరు కొని బీరువాలో పెట్టండి. పెద్ద తరగతి ఆడపిల్లల్లో ఇద్దరికి చూసే బాధ్యత ఇవ్వండి. కడిగే పని కాదు సుమా, పాడైతే హెచ్‌ఎంకి చెప్పే పని. పిల్లల చేత దొడ్లు కడిగించే బడులు ఉన్నాయి. అది చేయించకండి, అందులోనూ ఏ కులం పిల్లల చేత కడిగిస్తున్నారో చూస్తే ఇంకా సిగ్గుపడాల్సి వస్తుంది. ఈ నెల కమిటీ సమావేశంలో మీరే ఈ అంశం పెట్టి మినిట్స్‌లో రాయించండి. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది.

(ఒక ప్రధానోపాధ్యాయుడు: సార్, మరమ్మతులు చేయించాలంటే మాకు వీలయ్యేది సెలవులున్న మే నెలలోనే. గ్రాంటు మాకు ఫిబ్రవరి, మార్చిలో పడుతుంది. మార్చి 31లోపు ఖర్చు చేయాలి. ఎలా కుదురుతుంది?)

మాస్టారూ, ఇది అన్ని జిల్లాల్లో ఉన్న బాధే. ఏప్రిల్ చివర సెలవులిచ్చి జూన్ 12న బడి తెరుస్తాం, పని చేసుకోవడానికి ఆ నెలన్నరే దొరుకుతుంది. డబ్బు మాత్రం అంతకు ముందే మురిగిపోతుంది. ఒక దారి ఉంది. పనిని సామానుగా, కూలిగా విడగొట్టండి. జనవరిలోనే కమిటీతో బడంతా తిరిగి ఏమేం కావాలో రాసుకుని తీర్మానం చేయించండి. పైకప్పు తూములు, రావి మొక్కలు, స్లాబు సున్నం లాంటివి మార్చిలోనే ఒంటిపూట బడి అయ్యాక మధ్యాహ్నాలు చేయించొచ్చు, తరగతులకి అడ్డు రావు. మేలో చేయాల్సినవాటికి కుళాయిలు, పాన్లు, పైపులు, గడియలు, ఫ్యాన్లు, స్విచ్చులు మార్చిలోపే బిల్లుతో కొని స్టాక్ రిజిస్టర్లో ఎక్కించండి. ఆడిట్‌కి వోచరు, స్టాకు ఎంట్రీ, తీర్మానం మూడూ ఉంటే ఇబ్బంది రాదు. మే నెల కూలి మాత్రం దాతల డబ్బుతోనో పంచాయతీ నిధులతోనో ఒప్పించుకోవాలి, అది చిన్న మొత్తమే. సర్పంచ్‌కి కూడా ఫిబ్రవరిలోనే చెప్పి ఉంచండి, ఎండల్లో మేస్త్రులు పెళ్ళిళ్ళకీ ఇళ్ళ పనులకీ వెళ్ళిపోతారు. సిమెంటు మాత్రం మార్చిలో కొని పెట్టకండి. మేలో పని మొదలయ్యే వారంలోనే తెచ్చుకోండి, నిలవ ఉన్న బస్తా గాలికి చెమ్మ పీల్చి బలం పోగొట్టుకుంటుంది.